అరవై శాతం నిండిన గది

జూలై 3, బుధవారం. కోరాపుట్, ఒడిశా

ఉద్యోగంలో మూడో రోజు. ఇవాళే మొదటి గది చూశాను.

నా పని పేరు కలెక్షన్ స్పేస్ సర్వేయర్. లైబ్రరీల్లోనూ రికార్డు గదుల్లోనూ పుస్తకాలు, కాగితాలు ఎంత చోటు తింటున్నాయో టేపు పెట్టి కొలవాలి. ఎన్ని పుస్తకాలో అక్కర్లేదు. ఏ పుస్తకాలో అసలే అక్కర్లేదు. అరలో ఉన్నవన్నీ ఎడమవైపుకి జరిపి, చివరిదాకా టేపు లాగి, అంకె రాయాలి. రన్నింగ్ మీటర్లు అంటారు.

మొదటిది ఒక ఆఫీసు రికార్డు రూమ్. తాళం తీసిన మనిషి ముందు తను ముక్కు మూసుకుని, తర్వాత నన్ను లోపలికి పొమ్మన్నాడు. నాలుగు మూలలా గుట్కా ఉమ్ములు. ఫైళ్ళ మీద ఎలుక పెంటికలు, వాటి మీద ఎవరిదో టిఫిన్ డబ్బా. పై ర్యాకులో ఫైళ్ళు కాదు, విరిగిన కుర్చీలు. కుర్చీలు కూడా కొలుస్తారా మేడం అని అడిగాడు, వేళాకోళానికి కాదు, నిజంగానే. 41.6 మీటర్లు, కుర్చీలు కాకుండా. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేశాను.

జూలై 5

మా కోఆర్డినేటర్ గౌరీశంకర్ గారు ఇవాళ రూల్ చెప్పారు. ఈయన కోరాపుట్ చలిలో కూడా ఏసీ వేసుకుని కూర్చునే మనిషి. గదిలో ఉన్న అరల పొడవంతా కలిపి వంద అనుకుంటే, అందులో అరవై శాతం నిండి ఉండాలి. నిండితే గది లైబ్రరీకే ఉంటుంది. నిండకపోతే గది సర్‌ప్లస్. పుస్తకాలు రాయగడ వెళ్తాయి, గది ఇంకెవరికైనా వెళ్తుంది. సర్వే రోజున అరలో ఏది ఉంటే అదే లెక్క. నిన్న ఉన్నాయి, రేపు వస్తాయి లాంటి కబుర్లు వినొద్దన్నారు.

నాకు ఆ రూల్ నచ్చింది. లైబ్రరీ సైన్స్ డిగ్రీ పట్టుకుని ఐదేళ్ళు ఇంట్లో కూర్చున్నదాన్ని. చేతికి స్టీలు టేపు, మెడలో ఐడీ కార్డు వచ్చేసరికి నేనూ ఒక మనిషినయ్యాననిపించింది. మా తాతగారు ఎస్టేటు కచేరీలో రికార్డులు చూసేవారు. ఆయన రాసిన అంకెని దివాన్ కూడా దిద్దేవాడు కాదని అమ్మ ఇప్పటికీ గొప్పగా చెబుతుంది. ఆయన మనవరాలు కౌముది రాసిన అంకెని కూడా ఎవరూ దిద్దకూడదు.

జూలై 9. లమ్తపుట్

6.2 మీటర్లు. అందులో ఒకటిన్నర చెదల పుట్ట. ఫోన్ చేసి అడిగితే పుట్టని కూడా కలిపే రాయమన్నారు గౌరీశంకర్ గారు. అది కూడా చోటు తింటోంది కదా అన్నారు.

జూలై 12. సెమిలిగుడ

రీడింగ్ రూమ్ అన్నారు. లోపల లుంగీ కట్టుకున్న ఒకాయన పాత పత్రికల కట్టలు పరుపులా పరుచుకుని నిద్రపోతున్నాడు. లేపితే విసుక్కున్నాడు. ఆ కట్టలు తీసి అరలో పెట్టించి కొలిచాను. ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఛీ. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ వెచ్చదనం పోలేదు. బయట లారీల దుమ్ములో నిలబడి టీ తాగాను, అదే శుభ్రంగా అనిపించింది.

జూలై 16. రాయగడ

సర్‌ప్లస్ గదుల పుస్తకాలు చేరే చోటు ఇవాళ చూశాను. కాగితం మీద దాని పేరు కన్సాలిడేటెడ్ స్టాక్. అసలు సంగతి, మెట్ల కింద ఒక చీకటి మూల. పక్కనే జెంట్స్ టాయిలెట్. గోడంతా చెమ్మ. ఆ చెమ్మ ఎక్కడిదో అడగక్కర్లేదు. పుస్తకాలు ఎరువుల బస్తాల్లో కుక్కి, మూతి కట్టి, ఒకదాని మీద ఒకటి పడేశారు. ఏ ఊరివో చీటీ కూడా లేదు. అడుగు బస్తాలోంచి నల్లటి నీళ్ళు కారి, ఎండి, నేల మీద చార కట్టాయి.

ఒక బస్తా విప్పమన్నాను. విప్పినతను చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, ఇవి అరల్లో లేవు కదా మేడం, మీ లెక్కలోకి రావు కదా అన్నాడు. నిజమే, రావు. మళ్ళీ మూతి కట్టించాను.

జూలై 22, సోమవారం. బిస్సమ్ కటక్

ఇరవై రోజుల్లో మొదటి శుభ్రమైన గది.

బజారు వీధిలో వర్తకుల లైబ్రరీ. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ కొట్లు పెట్టుకున్న కుటుంబాలు డెబ్భై ఏళ్ళ కిందట పెట్టుకున్నది. గది మాత్రం సర్కారుది. నేల తుడిచి ఉంది. గోడకి ఉమ్ములు లేవు. పది చెక్క బీరువాలు, ఒక్కోదానికి ఐదు అరలు. మొత్తం 45 మీటర్లు. ప్రతి అరలోనూ ఎండిన వేపాకు. చూసుకునేది సూర్యకాంతమ్మగారు. అరవై ఎనిమిదేళ్ళు. జీతం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రోజూ సాయంత్రం నాలుగింటికి తాళం తీస్తారట, ఏడింటికి వేస్తారట. మంచం మీద ఉన్న భర్తకి మందులిచ్చి వచ్చి తాళం తీసిన రోజులూ ఉన్నాయట.

బీరువాలు తెరిచాను. సగానికి పైగా ఖాళీ.

14.3 మీటర్లు. దాదాపు 32 శాతం. 27 ఉండాలి.

అదే రోజు, సాయంత్రం 6

పుస్తకాలేవీ అని అడిగాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

"పుస్తకాలు ఇళ్ళకెల్లేయమ్మీ. మృగశిర కార్తెకి ఎల్తే దసరా దాటేక వస్తాయి. ఇప్పుడొచ్చి కొలిస్తే ఏటుంటాది?"

విషయం ఇది. ఈ కొండల్లో వానాకాలం నాలుగు నెలలు ఏదీ ఆరదు. అందుకని మొదటి వాన పడకముందే బైండు పుస్తకాలన్నీ మూటలు కట్టి, బజారులో ఇరవై రెండు ఇళ్ళకి పంచుతారు. ప్రతి ఇంటివాళ్ళూ తమ మూటని వంటింటి అటక మీద, కట్టెల పొయ్యి పొగ తగిలేచోట పెడతారు. పొగకి పురుగు రాదు, చెమ్మ పట్టదు. దసరా అయ్యాక మూటలు తిరిగొస్తాయి. ఎవరింటికి ఏ పుస్తకాలు వెళ్ళాయో ఒక నోటు బుక్కులో రాసి ఉంది. లైబ్రరీ పెట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి. పత్రికలు, ఒడియా నిఘంటువులు, చిన్నా చితకా మాత్రమే బీరువాల్లో ఉంటాయి.

ఎంత బాగుందో ఆ ఏర్పాటు. నాకు చదువులో ఎవరూ చెప్పలేదు ఇలాంటిది. చప్పట్లు కొట్టాలనిపించింది. అయినా నేను చెప్పిన మాట ఏమిటంటే, సర్వే రోజున అరలో ఉన్నదే లెక్క.

ఆవిడ నోటు బుక్కు నా ముందుకి తోశారు. పేరు పేరునా రాసి ఉంది, ఇది కూడా లెక్కే కదా అన్నారు. నేను నోటు బుక్కు వైపు చూడకుండా టాబ్‌లో 14.3 కొట్టి, అప్‌లోడ్ నొక్కాను. గర్వంగా కూడా అనిపించింది. రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ అనిపించింది.

జూలై 25

అప్‌లోడ్ చేసిన అంకె గుర్తొస్తోంది. కోరాపుట్ వచ్చాక కూడా.

జూలై 31

బిస్సమ్ కటక్ లైబ్రరీకి నోటీసు వెళ్ళింది. గది సర్‌ప్లస్. ఆగస్టు నెలాఖరుకి ఖాళీ చేయాలి. పుస్తకాలు రాయగడకి.

రాయగడ అంటే నాకు తెలుసు. మెట్ల కింద, టాయిలెట్ పక్కన. ఆ నల్ల చార కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

సూర్యకాంతమ్మగారు ఫోన్ చేశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. పుస్తకాలతో పాటు నేను కూడా రాయగడ రావచ్చా, రోజూ బస్సులో వచ్చి చూసుకుంటాను, ఎవరిని అడగాలి అన్నారు. అక్కడ చూసుకోవడానికి ఏమీ ఉండదని చెప్పలేకపోయాను.

ఆగస్టు 2

గౌరీశంకర్ గారి గదిలో గంటన్నర. మొదట నవ్వారు. అటక మీద పుస్తకాలా, ఆ మాట ఏ రిపోర్టులో రాయమంటావు అన్నారు. కొలిచింది నేనే, తప్పు నాదే అన్నాను. నీ అంకె తప్పని నువ్వే అంటే రేపు మిగతా అంకెల సంగతేమిటి అన్నారు. చివరికి నన్ను వదిలించుకోవడానికి రివిజన్ ఫారం ఒకటి ఇచ్చారు. పదిహేను రోజుల్లో మళ్ళీ కొలవచ్చు. అంకె పెరిగితే, పైనుంచి వెరిఫికేషన్ ఆఫీసరు వస్తాడు. నలభై ఐదు రోజుల్లో ఎప్పుడైనా రావచ్చు, చెప్పకుండా. అతను కొలిచినప్పుడు కూడా అరవై ఉండాలి. అప్పటిదాకా నోటీసు ఆగుతుంది.

ఫారం పట్టుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సంతోషం వేసింది.

ఆగస్టు 12, సోమవారం. బిస్సమ్ కటక్

ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాం, నేనూ సూర్యకాంతమ్మగారూ. నోటు బుక్కు ఆవిడ చంకలో. వాన ఆగడం లేదు.

మొదటి ఇల్లు లైబ్రరీ కమిటీ సెక్రటరీ సింహాచలం గారిది. చింతపండు, పసుపు హోల్‌సేల్. లైబ్రరీ పక్క గోదాము ఆయనదే. ఈ గది ఖాళీ అయితే మొదట అడిగేది ఆయనేనని బజారంతా తెలుసు. ఆయన మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి, లైబ్రరీ పోతోందంటే తనకి నిద్ర పట్టడం లేదన్నారు. మూట అడిగితే లోపలికి కేకేశారు. ఎంతసేపటికీ రాలేదు. నేనే వంటింట్లోకి వెళ్ళాను.

గ్యాస్ పొయ్యి. తళతళలాడే టైల్స్. చిమ్నీ. అటక లేదు.

కోడలు విజయదుర్గ చాలా మామూలుగా బాత్‌రూమ్ చూపించింది. తలుపు పైన లాఫ్టు. పాత బకెట్లు, ఫినాయిల్ సీసాలు, వాటి వెనక ప్లాస్టిక్ సంచిలో మూట. రోజూ ఏడుగురు వేడినీళ్ళు పోసుకునే గది. సంచి దించుతుంటే దాంట్లోంచి నీళ్ళు నా మోచేతి దాకా కారాయి. విప్పితే వచ్చిన వాసన నేను ఇక్కడ రాయలేను. అట్టల మీద తెల్లగా, పచ్చగా బూజు, వెంట్రుకలు మొలిచినట్టు. తాకితే మెత్తగా ఉంది.

సూర్యకాంతమ్మగారు అక్కడే నేల మీద కూర్చుని ఒక్కొక్క పుస్తకం పేరూ నోటు బుక్కులో టిక్కు పెట్టుకున్నారు. సింహాచలం గారు గుమ్మంలో నిలబడి, పొయ్యి మార్చి ఎనిమిదేళ్ళయిందండీ, మీరు అడగలేదు, మేం సెప్పలేదు అన్నారు.

ఆగస్టు 13

పదకొండు ఇళ్ళు. పదకొండూ గ్యాస్. ఒకచోట మూట ఇన్వర్టర్ బ్యాటరీ కింద పీటగా ఉంది. ఒకచోట మంచం కింద, పిల్లి ఈనిన గుడ్డలతో కలిసి. ఒకావిడ అసలు మా ఇంటికి మూట రాలేదంది, నోటు బుక్కులో ఆవిడ మామగారి సంతకం చూపిస్తే, ఆయన పోయారు కదా అంది.

అందరూ కాఫీ ఇచ్చారు. అందరూ లైబ్రరీ మన సొంతమన్నారు. అసహ్యం వేసి చివరి ఇంట్లో కాఫీ తాకలేదు.

ఆగస్టు 14, మధ్యాహ్నం

మిగిలిన ఇళ్ళు కూడా అయ్యాయి. రెండు మూటలు పాత పేపర్ల వాడికి వెళ్ళిపోయాయి. మూడు దొరకలేదు.

సూర్యకాంతమ్మగారిని అడిగేశాను. మూటలు కొట్టు అరుగు మీద ఇచ్చి వచ్చేస్తారు, వంటింట్లోకి వెళ్ళరు సరే. తిరిగొచ్చిన పుస్తకాల్ని చూసైనా తెలియలేదా?

"పొగ వాసన రావట్లేదని నాలుగేళ్ళ కిందటే తెలిసిందమ్మీ. తెలిసే పంపేను. మూట ఇంట్లో ఉంటే లైబ్రరీ ఒకటుందని ఆళ్ళకి గుర్తుంటాది కదా అనుకున్నాను."

నేను 14.3 కొట్టిన రోజున నాకున్న మొండితనమే ఆవిడకీ ఉంది. నాది మాత్రం పది రోజుల్లో బయటపడింది.

ఆగస్టు 14, సాయంత్రం

దొరికిన మూటలన్నీ విప్పి బీరువాల్లో సర్దాం.

కొలిచాను. రెండుసార్లు.

27.9 మీటర్లు. 62 శాతం.

గెలిచాం. ముక్కుకి కొంగు కట్టుకుని గెలిచాం.

ఆగస్టు 19. కోరాపుట్

సూర్యకాంతమ్మగారి ఫోన్. ఒక అర పుస్తకాలు తీసి, మూడు రోజులు కుంపటి దగ్గర ఆరబెట్టారట. కాస్త తెరుచుకుంటున్నాయి, బూజు బ్రష్‌తో పోతోంది, చాలా మట్టుకు బతుకుతాయి అన్నారు. గొంతులో ఎంత హుషారో. ఇంక మిగతావన్నీ మొదలుపెడతానన్నారు.

ఆరాక ఆ అర పొడవెంత అని అడిగాను. నాకెందుకు ఆ అనుమానం వచ్చిందో. ఆవిడ కొలిచి చెప్పారు. తడిగా ఉన్నప్పుడు 85 సెంటీమీటర్లు. ఇప్పుడు 68.

కాగితం మీద వేశాను. ఇళ్ళ నుంచి వచ్చినవి 13.6 మీటర్లు. ఆరితే పదకొండుకి కొంచెం తక్కువ. మొత్తం 25.2. యాభై ఆరు శాతం.

అరవై దాటింది పుస్తకాల వల్ల కాదు, వాటిలోని నీళ్ళ వల్ల.

ఆగస్టు 20. బిస్సమ్ కటక్

పొద్దున్నే బయల్దేరి వెళ్ళాను. ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు.

ఆరబెట్టొద్దు అన్నాను. ఆఫీసరు వచ్చి కొలిచి వెళ్ళేదాకా ఎలా ఉన్నవి అలాగే ఉంచండి. బీరువా తలుపులు మూసే ఉంచండి, గాలి తగిలితే తగ్గిపోతాయి. పుస్తకాలు కొన్ని పోతాయి, గది మిగులుతుంది. గది ఉంటే కొత్తవి కొనుక్కోవచ్చు. గది పోతే అన్నీ రాయగడ మెట్ల కిందకే కదా. ఎంత తెలివిగా చెప్పానో. ఒక్కొక్క మాటా సరైనదే.

ఆవిడ బీరువా తలుపు మీద చెయ్యి వేశారు.

"తడిసినదాన్ని తడిసినట్టే ఒగ్గీమంటావా? ఎన్నాళ్ళు?"

ఎక్కువ రోజులు పట్టదన్నాను. నాకు తెలియదు, అయినా అన్నాను. నువ్వు సదువుకున్నదానివి అని, కుంపటిలో నిప్పుల మీద నీళ్ళు చల్లేశారు.

ఆగస్టు 27

వాన. ఆఫీసరు రాలేదు.

సెప్టెంబరు 4. బిస్సమ్ కటక్

వీధి మలుపులోనే వాసన తగిలింది. తెలిసిన వాసనే, రాయగడ మెట్ల కింద వాసన.

ఆవిడ రోజూ నాలుగింటికి తాళం తీస్తూనే ఉన్నారు. కుర్చీ మాత్రం వరండాలో వేసుకున్నారు. చదువుకోవడానికి ఎవరూ రావడం లేదు. వాంతి వస్తోందని చెప్పి వెళ్ళిపోతున్నారట. నేను ఒక బీరువా తలుపు తీశాను, గుప్పున తగిలింది. ఇళ్ళకి వెళ్ళని పుస్తకాలు, వేపాకు వేసి పెట్టిన ఆ శుభ్రమైన 14.3 మీటర్లు, వాటికి కూడా పాకింది. పత్రికల పేజీల మీద నల్లటి చుక్కలు. నిఘంటువు అట్ట వేలికి అంటుకుని ఊడి వచ్చింది.

వాటిని వేరే చోట పెట్టండి అని నేను చెప్పలేదు. వాటి మాటే తలపుకి రాలేదు. నా కళ్ళకి అవి మీటర్లుగానే కనిపించాయి.

తలుపు మూశాను. మూయమన్నది నేనే కదా.

సెప్టెంబరు 9

గౌరీశంకర్ గారిని అడిగాను, వెరిఫికేషన్ ఎప్పుడు అని. వినాయకచవితి, నువాఖాయ్ కొత్త బియ్యం పండగ సెలవులు కదా, అయ్యాక వస్తారు, నీకెందుకంత తొందర అన్నారు. నిన్నటి ప్రసాదం నాకూ పెట్టారు. అలవాటుగా చేతులు వాసన చూసుకుని తిన్నాను.

సెప్టెంబరు 13

అద్దం ముందు నిలబడి నా మొహం చూసుకుంటే నాకే ఏవగింపుగా ఉంది. రికార్డుల మీద టిఫిన్ డబ్బా పెట్టినవాడిని ఎంత అసహ్యించుకున్నాను. అతను డబ్బా పెట్టాడు అంతే.

సెప్టెంబరు 18, బుధవారం. బిస్సమ్ కటక్

ఆఫీసరు వచ్చాడు. ఇవాళ వస్తున్నాడని పొద్దున్నే రాయగడ నుంచి ఎవరో ఫోన్ చేస్తే నేను పడుతూ లేస్తూ వెళ్ళాను. సింహాచలం గారు అప్పటికే కొబ్బరిబొండాలతో సిద్ధం.

తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. కారు దిగి, వరండా మెట్టెక్కి, గుమ్మం దగ్గర ఆగాడు. రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. నేను టేపు అందించాను. తీసుకోలేదు. ఎంత శాతం అని అడిగాడు. 62 అన్నాను. నిండుగానే కనపడుతోంది అన్నాడు. గుమ్మంలోంచే. మూసి ఉన్న బీరువాలు చూసి.

ఫారం కారు బానెట్ మీద పెట్టి సంతకం చేశాడు. బొండాం తాగాడు. మొత్తం ఆరు నిమిషాలు.

ఏ బీరువా తలుపూ తీయలేదు. ఏ అరా కొలవలేదు. పుస్తకాలు ఎండి యాభై ఆరు శాతమే ఉన్నా ఈ మనిషి 62 మీద సంతకం పెట్టి వెళ్ళిపోయేవాడు. ఆగస్టులోనే కుంపటి పెట్టుకుని, ఒక్కో అరా ఆరబెట్టుకుని ఉంటే సరిపోయేది. నెల రోజులు. నెల రోజులు ఒక పెద్దావిడని వరండాలో కూర్చోబెట్టి, లోపల వాటిని చంపించాను, ఎవడూ కొలవని కొలత కోసం.

కారు వెళ్ళిపోయాక సూర్యకాంతమ్మగారు నా దగ్గరకి వచ్చారు. గది ఉంటుందా అని అడగలేదు. సంతకం చూపించమనలేదు.

"ఇంక ఆరబెట్టుకోవచ్చా అమ్మీ?"

తలూపాను.

సెప్టెంబరు 20

ఎండ కాసింది. వరండా నిండా, మెట్ల మీద, వీధి అరుగు మీద పుస్తకాలు. నేనూ ఉన్నాను. ఎక్కువ భాగం ఇటుకల్లా గట్టిపడ్డాయి. విడదీయబోతే పేజీ పేజీకి అంటుకుని పొరలుగా చినుగుతోంది. బొమ్మలున్నవైతే అసలే రాలేదు. ఆవిడ దబ్బనం పెట్టి, నీటి ఆవిరి పెట్టి, ఏమేమో చేసి చూశారు. విడిపోనిదాన్ని కూడా పారేయలేదు, తుడిచి పక్కన పెట్టారు.

సాయంత్రం గౌరీశంకర్ గారి మెసేజ్. జిల్లాలో ఇంత డెన్సిటీ ఉన్న చిన్న లైబ్రరీ ఇదొక్కటేనట. వచ్చే నెల రాయగడలో మిగతా సర్వేయర్లకి నేను ట్రైనింగ్ ఇవ్వాలట. బొటనవేలి బొమ్మ కూడా పెట్టారు.

సెప్టెంబరు 29, ఆదివారం. బిస్సమ్ కటక్

ఎవరూ పంపకుండానే వచ్చాను. తెరుచుకునే పుస్తకాలు మాత్రం, ఇళ్ళ నుంచి వచ్చినవీ బీరువాల్లో ఉన్నవీ కలిపి, ఒక వరసలో పెట్టి కొలిచాను. సూర్యకాంతమ్మగారు టేపు రెండో కొస పట్టుకున్నారు.

11.4 మీటర్లు.